గోస్తనిలో కానాగంత

మొన్న ఆదివారం నేను గోస్తని ఏట్లో చేప పట్టాను. పట్టాననడానికి బస్సెడు జనం సాక్ష్యం. పట్టలేదనడానికి కూడా ఆ బస్సెడు జనమే సాక్ష్యం. మా కాలనీలో ఈ కథ ఇప్పటికే నాలుగు రకాలుగా తిరుగుతోంది. ఒకదాంట్లో నేను ఏట్లో పడిపోయాను కూడా. పడలేదు. టీ చల్లారేలోపు జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను, ఆ తర్వాత మీ ఇష్టం.

మాది ప్లాంటులో పనిచేసేవాళ్ళ క్వార్టర్స్. అక్కడ మగవాళ్ళకి ఒక గాలం సంఘం ఉంది. ఆడవాళ్ళకి అందులో సభ్యత్వం లేదని ఎక్కడా రాసి లేదు. రాయాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఏటా చలికాలంలో ఒక ఆదివారం ఈ సంఘం గోస్తని ఒడ్డుకి కుటుంబ విహారయాత్ర పెడుతుంది. అందులో విహారం వాళ్ళది, కుటుంబం మేము.

పద్ధతి ఇలా ఉంటుంది. మగవాళ్ళు తెల్లవారకముందే గాలాలు తీసుకుని జీపులో వెళ్ళిపోతారు. స్టవ్‌లు, బాణలి, నూనె డబ్బా, గరిటెలు, పిల్లలు, పిల్లల స్వెటర్లు వేసుకుని మేము వెనక బస్సులో చేరతాం. మేము వెళ్ళేసరికి ఒడ్డున తొట్టె నిండా చేపలుంటాయి. "పొద్దున్నే పడ్డాయి" అంటారు. మేము వాటిని శుభ్రం చేసి వేపుతాం. వాళ్ళు తింటూ, ఏ చేప ఎంత ఏడిపించి పడిందో చెబుతారు.

ఆ చేపలు ప్రతి ఏడూ కానాగంతలే.

కానాగంత సముద్రపు చేప. విశాఖపట్నంలో ఈ సంగతి బడికి పోని పిల్లలకి కూడా తెలుసు. మా పిక్నిక్ చోటుకి సముద్రం ఎక్కడో ఉంది. ఒక ఏడు నేను అడిగాను కూడా. సంఘం ప్రెసిడెంటు వరహాలరావుగారు మీసం తడుముకుని, "పోటుకి ఎదురొచ్చేత్తాయి సెల్లెమ్మా. కానాగంతకి పౌరుషం ఎక్కువ" అన్నారు. ఇంకో ఏడు ఒక చేప మొప్పలో ఐసు ముక్క కనపడింది. "ఏట్లో ఐసు ఎక్కడిదండీ?" అన్నాను. "సలికాలం కదా" అన్నారు.

జీపు ఫిషింగ్ హార్బర్ మీదుగా వస్తుందని ఆడవాళ్ళందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. వరహాలరావుగారి భార్య నరసమ్మ వదినని ఒకసారి, ఎందుకు ఊరుకుంటారని నిలదీశాను. ఆవిడ ఉల్లిపాయ తరుగుతూ తాపీగా చెప్పింది. "పోన్లే వొదినా. నిజంగా ఏట్లో పట్టుకొచ్చారంటే ముళ్ళు ఎక్కువ. ఇవైతే శుబ్రం సెయ్యడం సుళువు."

దీని మీద నేను నెలనెలా రాసే కాలమ్‌లో ఒకసారి రాశాను. పేర్లు పెట్టలేదు. అయినా కాలనీలో అందరూ గుర్తుపట్టారు. ఆ నెల రోజులూ వరహాలరావుగారు మా ఆయన శేఖర్‌ని 'బావా' అనడం మానేసి 'శేఖర్‌గారూ' అన్నారు. ఆ కాలమ్ పేరు 'వెనక్కి చూడొద్దు'. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

ఇక నా చేతికి గాలం ఎలా వచ్చిందో చెప్పాలి. ప్లాంటులో ఏదో యంత్రం బిగించడానికి స్కాట్లండ్ నుంచి ఒక ఇంజనీరు వచ్చి ఏడాది మా పక్క క్వార్టర్‌లో ఉన్నాడు. ఆయన భార్య మార్గరెట్‌గారు. అరవై దాటిన మనిషి. సాయంత్రాలు అప్పికొండ బీచ్‌లో నిలబడి పద్నాలుగు అడుగుల కడ్డీ ఒకటి రెండు చేతులతో ఊపుతుండేది. చుట్టూ జనం మూగేవాళ్ళు. సర్కస్ అనుకుని వేరుశనక్కాయల బండి కూడా వచ్చేది.

అది వాళ్ళ దేశపు గాలం. మామూలు గాలానికి చివర సీసం గుండు ఉంటుంది, ఆ బరువుతో దూరం పోతుంది. దీనికి గుండు లేదు. తాడే బరువు. చివర ఎర కూడా ఉండదు. చిన్న కొక్కేనికి కోడి ఈకలు చుట్టి ఉంటాయి. చేప దాన్ని పురుగనుకుని మోసపోవాలి. చల్లటి నీళ్ళలో చేపలు మోసపోతాయని ఆవిడకి తెలుసు. మన వెచ్చటి ఏళ్ళలో చేపలు కూడా మోసపోతాయా లేదా అని చూడాలని ఆవిడ ముచ్చట. గోస్తనిలో రెండు మూడు మోసపోయాయట కూడా.

నాకు ఆ గాలం చూడగానే నచ్చింది. ఎందుకంటే అది పట్టుకోవాలంటే రెండు చేతులూ కావాలి. దాన్ని పట్టుకున్న మనిషి చంకలో పిల్లాణ్ణి ఎత్తుకోలేదు, గరిటె పట్టుకోలేదు, ఎవరైనా పిలిస్తే టీ అందించలేదు. ఆడదాని రెండు చేతులూ ఒకేసారి తన పనికే కావలసిన వస్తువు నేను అంతవరకు చూడలేదు. నేర్పమన్నాను.

"కింది చెయ్యి లాగాలి. పై చెయ్యి దారి చూపిస్తే చాలు" అంది మార్గరెట్‌గారు. "కొత్తవాళ్ళు చేసే తప్పు ఇదే. పని అంతా పై చెయ్యే చేస్తోందనుకుంటారు."

పని కింది చేతిది, పేరు పై చేతిది. నాకిది వెంటనే అర్థమైంది. పెళ్ళయి పదిహేనేళ్ళయింది కదా.

అర్థం కానిది రెండో పాఠం. కడ్డీ ఎత్తి తాడుని మొదట వెనక్కి విసరాలి. అది వెనక గాలిలో బారుగా చాపుకోవాలి. అలా చాపుకున్నప్పుడు కడ్డీకి చిన్న గుంజు తగులుతుంది. ఆ గుంజు తెలిసినప్పుడే ముందుకి విసరాలి. తొందరపడి విసిరితే తాడు పాదాల దగ్గర కుప్పపడుతుంది. నాకు ఆ గుంజు ఒక్కసారీ తెలియలేదు. తాడు ప్రతిసారీ నా నెత్తినే కుప్పపడింది.

"వెనక్కి చూడు. తల తిప్పి చూడు. తాడు చాపుకుందో లేదో కళ్ళకి కనపడుతుంది" అందావిడ.

నేను వెనక్కి చూడనన్నాను. ఎందుకో కూడా చెప్పాను. కాలమ్ పేరు చెప్పాను. ఈ దేశంలో ఆడదాన్ని వెనక్కి చూసుకోమనే ప్రతివాడూ చెబుతాడనీ, పైట సరిగా ఉందా, ఎవరైనా చూస్తున్నారా, పొయ్యి మీద ఏమైనా మాడుతోందా అని చూసుకోవడంలోనే మా మెడలు అరిగిపోయాయనీ, ముందుకి చూసే హక్కు కోసమే నేను రాస్తున్నాననీ వివరించాను. నా ఇంగ్లీషు ఆవేశంలో కొంచెం బాగుంటుంది.

మార్గరెట్‌గారు శ్రద్ధగా వింది. "చాలా బాగుంది. కాని పత్రికలో నీ వెనక చెట్లు ఉండవు" అంది.

యంత్రం బిగించడం అయిపోయింది. వాళ్ళు వెళ్ళిపోతూ ఆ గాలాన్ని నాకే ఇచ్చి వెళ్ళారు.

ఈ ఏడు పిక్నిక్ గురించి మాట్లాడుకోవడానికి అందరూ వరహాలరావుగారి ఇంట్లో చేరినప్పుడు, నూనె ఎన్ని కిలోలు అనే చర్చ మధ్యలో నేను అడిగాను. "ఈసారి నేనూ గాలం వేస్తాను. పడితే?"

"పడితేనా?" అని వరహాలరావుగారు నవ్వారు. "ఎవలొద్దన్నారు సెల్లెమ్మా? ఆ జెండా కర్ర తీసుకునొచ్చి ఎయ్. భోజనాల వేళలోగా ఒక్క సేప, ఒక్కటంటే ఒక్కటి, నీ గాలానికి తగిలి ఒడ్డుకొచ్చిందనుకో. ఆ రోజే కాదు, ఇక మీదట పిక్నిక్ వంట మాది. మగాళ్ళమే వేపుతాం. మీరు కూకుని తినండి."

"పడకపోతే?"

"పడకపోతే మా పిక్నిక్ గురించి, మా సేపల గురించి నీ పత్రికలో మరింక రాయకూడదు. వేపుడు ఎప్పట్లాగే. నోరెత్తకుండా."

శేఖర్ టేబుల్ కింద నా కాలు తొక్కాడు. నేను అప్పటికే సరేనన్నాను.

తీరా చూస్తే ఇది నా ఒక్కదాని పందెం కాకుండా పోయింది. మర్నాటి నుంచి కాలనీలో ఆడవాళ్ళు కనపడితే చాలు, నా భుజాల వంక చూడ్డం మొదలెట్టారు. ఒకావిడ కొబ్బరి నూనె ఇచ్చి వెళ్ళింది. నరసమ్మ వదిన రోజూ గుడ్డు ఉడకబెట్టి పంపేది. "తిను వొదినా, జబ్బలకి బలం. ఈయేడు నాను నూనె సెగ కాసుకోకుండా ఏరు సూడాల. ఇన్నేళ్ళొచ్చాను, ఆ ఏరు ఏ రంగులో ఉంటాదో నాకు తెలీదు" అంది.

అది విన్నాక నాకు భయం వేసింది. వ్యాసం బాగా రాకపోతే ఇంకో నెల ఉంటుంది. ఇది అలా కాదు.

తెల్లవారుజామున అప్పికొండ బీచ్‌లో సాధన చేశాను. కొక్కెం తీసేసి, దాని బదులు ఎర్ర ఊలు పీచు కట్టాను. బీచ్ కుక్కలకి ఆ ఊలు బాగా నచ్చింది. తాడు వెనక్కి పోగానే ఎగిరి పట్టుకునేవి. కడ్డీకి గట్టిగా గుంజు తగిలేది. ఆహా, ఇదే ఆ గుంజు అనుకుని ముందుకి విసిరేదాన్ని. ఊలు కుక్క నోట్లోంచి ఊడి, తాడు గాలిలో దూసుకుపోయి అలల మీద వాలేది. ఎంత అందంగా వాలేదంటే, ఒకరోజు వాకింగ్‌కి వచ్చిన మంకీ క్యాప్ పెద్దమనిషి చప్పట్లు కొట్టాడు. కుక్కలు ఉన్నాయన్న సంగతి అప్పుడు నాకు తెలియదు. నేను వెనక్కి చూడను కదా. శేఖర్ చూశాడట. "చెబితే నీ ఉత్సాహం పోతుందని చెప్పలేదు" అని ఇప్పుడంటున్నాడు. మగవాళ్ళ మౌనం మీద ఇంకో వ్యాసం రాయాలి.

ఆదివారం వచ్చింది.

బస్సు దిగిన ఆడవాళ్ళని చూశాను. అందరూ మంచి చీరలు కట్టుకున్నారు. పిక్నిక్‌కి ఎప్పుడూ నూనె మరకలకి తట్టుకునే పాత చీరలే కడతారు. ఈసారి ఒకావిడ పట్టంచు చీర కట్టింది. ఒకరు దిండు తెచ్చుకున్నారు. నరసమ్మ వదిన పేకముక్కలు తెచ్చింది.

ఒడ్డున తొట్టెలో ఎప్పట్లాగే కానాగంతలు. "పొద్దున్నే పడ్డాయి" అన్నారు వరహాలరావుగారు.

నేను చెట్లు లేని చోటు చూసుకుని, కడ్డీ నాలుగు ముక్కలూ బిగించి, కోడి ఈకల కొక్కెం కట్టి మొదలుపెట్టాను. తాడు నెత్తిన పడింది. మళ్ళీ పడింది. ఒకసారి నా జడకే చుట్టుకుంది. ఏట్లో చేపలు దూరంగా ఎగిరి చూసి మళ్ళీ లోపలికి పోతున్నాయి. బీచ్‌లో అంత బాగా వచ్చిన విద్య ఇక్కడ ఎందుకు రావడం లేదో నాకు అర్థం కాలేదు. మీకు అర్థమై ఉంటుంది. కుక్కలు లేవు.

మగవాళ్ళు గాలాలు గట్టున పెట్టి నన్నే చూస్తూ కూర్చున్నారు. "సెల్లెమ్మా, దోమలేటైనా పడ్డాయా?" అని వరహాలరావుగారు. "బావా, మీ ఆవిడ బట్టలారేసే తాడు కడతందా, గాలం ఏత్తందా?" అని శేఖర్‌ని. శేఖర్ ఏటి వంకే చూస్తూ, "గాలమే" అన్నాడు. అంతకు మించి ఎవరి భర్తా నిలబడడు.

ఎండ నెత్తికెక్కింది. పిల్లలు ఆకలని ఏడుపు అందుకున్నారు. నరసమ్మ వదిన లేచింది. "గెలిస్తే మగాళ్ళు వేపుతారు, ఓడితే మనం. ఎలగైనా ఉప్పూకారం పట్టాలి కదా" అని చేపలు శుభ్రం చేసి, గాట్లు పెట్టి, అల్లం వెల్లుల్లి, పసుపు, కారం దట్టించి పెద్ద అల్యూమినియం బేసిన్‌లో పేర్చింది. ఆ తర్వాత, నాకు ధైర్యంగా ఉంటుందని, ఆడవాళ్ళందరూ చాపలు, పేకముక్కలు, ఆ బేసిన్‌తో సహా వచ్చి సరిగ్గా నా వెనకే కూర్చున్నారు.

ఆడవాళ్ళు నా వెనక ఉన్నారని సభల్లో చాలాసార్లు చెప్పాను. నిజంగా ఉన్నది ఆ రోజే. ఆ రోజే నాకు తెలియదు.

"భోజనాల వేళయింది సెల్లెమ్మా! ఇదే ఆఖరు!" అని వరహాలరావుగారు కేకేశారు.

నేను కడ్డీ ఎత్తాను. పట్టంచు చీర గుర్తొచ్చింది. ఏరు ఏ రంగులో ఉంటుందో తెలియని నరసమ్మ వదిన గుర్తొచ్చింది. కింది చెయ్యి, కింది చెయ్యి అనుకుంటూ ఉన్న బలమంతా పెట్టి తాడుని వెనక్కి విసిరాను. ఆగాను.

గుంజు తగిలింది!

అదీ గుంజంటే. బీచ్‌లో తగిలినవేవీ దీని ముందు పనికిరావు. కడ్డీ విల్లులా వంగింది. వెనక నుంచి ఎవరో "ఓలమ్మో!" అన్నారు, అది మెచ్చుకోలు అనుకున్నాను. కింది చెయ్యి కడుపులోకి లాగి, పై చేత్తో దారి చూపించి, ముందుకి విసిరాను.

తాడు నా తల మీదుగా రివ్వున పోయింది. నా ముఖం మీద చినుకు పడింది. చలికాలంలో వానేమిటా అనుకున్నాను. పెదవి తడుముకుంటే కారంగా ఉంది. ఆలోచించే తీరిక లేదు. దూరంగా, ఏటి నడుమ, ఏదో ఎర్రగా తళుక్కుమని ఎగిరి ఢబ్బున నీళ్ళలో పడింది. తాడు బిగుసుకుంది.

"పడింది!" అని అరిచాను. "చేప పడింది!"

మగవాళ్ళంతా లేచి నిలబడ్డారు. నేను రీలు తిప్పుతున్నాను. చేప బరువు తెలుస్తోంది. అది పెద్దగా పెనుగులాడటం లేదు. ఓటమిని హుందాగా ఒప్పుకుంటోంది అనుకున్నాను. మగచేప అయ్యుండదనుకున్నాను. మెల్లగా ఒడ్డుకి లాగి, తాడు పట్టుకుని పైకెత్తి, అందరికీ కనపడేలా తిప్పాను.

శేఖర్ దగ్గరికి వచ్చాడు. వంగి చూశాడు. "అరుణా, దీనికి పసుపు రాసి ఉంది" అన్నాడు.

అప్పుడు చూశాను. కానాగంత. పొట్ట శుభ్రం చేసి ఉంది. రెండు వైపులా గాట్లు ఉన్నాయి. గాట్లలో అల్లం ముద్ద అక్కడక్కడ ఇంకా అంటుకునే ఉంది. జీవితంలో మొదటిసారి వెనక్కి చూశాను. బేసిన్ ఒరిగి ఉంది. అంచున వరస చెదిరి ఒక చేప పట్టేంత ఖాళీ. చుట్టూ ఆడవాళ్ళు పేకముక్కలు గుండెలకి హత్తుకుని, ఎవరికీ ఏ దెబ్బా తగలకుండా, నోళ్ళు తెరుచుకుని కూర్చుని ఉన్నారు.

వరహాలరావుగారికి ముందుగా మాటొచ్చింది. "సెల్లదు! ఇది సెల్లదు! ఇది బేసిన్లో సేప!"

నిజమే కదా. ఓడిపోయానని మర్యాదగా ఒప్పుకుందామని నోరు తెరిచాను. "న్యాయంగా చూస్తే..." అనేలోపు నరసమ్మ వదిన వచ్చి నా నడుము మీద గిల్లింది. గట్టిగా. నా న్యాయం అక్కడితో ఆగింది.

"బేసిన్లోకి ఎక్కడి నుంచొచ్చింది?" అని మొగుణ్ణి అడిగింది.

"ఎక్కడి నుంచొస్తాది? మేం పట్టుకొచ్చాం."

"ఎక్కడ పట్టారు?"

వరహాలరావుగారు మీసం తడుముకున్నారు. వెనక మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఈ ఏట్లోనే కదా? పోటుకి ఎదురొచ్చింది కదా, పౌరుషం గల సేప?" అంది నరసమ్మ వదిన, ముఖంలో ఎలాంటి మార్పూ లేకుండా. "ఏట్లో సేప. మళ్ళీ ఏట్లో పడింది. వొదిన గాలానికి తగిలి ఒడ్డుకొచ్చింది. మీరన్నది అదే కదా, గాలానికి తగిలి ఒడ్డుకి రావాలని. లేదు, ఇది ఏట్లోది కాదంటావా? అయితే ఎక్కడిదో సెప్పు. ఇందరి ముందు సెప్పు, ఇంటాను."

ఇన్నేళ్ళ కానాగంతలూ వరహాలరావుగారి గొంతుకి అడ్డం పడ్డట్టున్నాయి. ఫిషింగ్ హార్బర్ అనే రెండు మాటలు అంటే పందెం గెలుస్తారు. కాని అన్నారంటే ప్రెసిడెంటు పదవి, పొద్దున్నే పడిన చేపలు, ఏడిపించి పడిన చేపలు, అన్నీ పోతాయి.

"స్టవ్ ఎక్కడ?" అన్నారు చివరికి.

మగవాళ్ళు వేపారు. వేపినంతసేపూ ఉప్పెక్కడ, గరిటెక్కడ, ఇది తిప్పాలా వద్దా అని అరుస్తూనే ఉన్నారు. పట్టంచు చీరావిడ దిండు మీద పడుకుని, కళ్ళు తెరవకుండానే, "ఎనక్కి సూడండి, మీ ఎనకే ఉంది" అని చెబుతూ వచ్చింది. సగం చేపలు మాడాయి, సగం పచ్చిగా ఉన్నాయి. అయినా అందరం తిన్నాం. ఎవరు పట్టిన చేప వాళ్ళకే మొదట పెట్టాలని సంఘంలో ఆచారమట. నా కానాగంతని నాకు పెట్టారు. ఏట్లో ఉప్పూకారం కడిగేసుకున్న చేప. ఎంత చప్పగా ఉందో చెప్పలేను. పైగా నా భుజాలు పట్టేసి చేతులు పైకి లేవలేదు. వంగి, నోటిని విస్తరి దగ్గరికి తీసుకెళ్ళి తిన్నాను, విజేతని కదా.

నరసమ్మ వదిన ఒడ్డున కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చుంది. "పచ్చగా ఉంది వొదినా, ఏరు" అంది. కాసేపు చూసి మళ్ళీ అంది. "పచ్చగా కూడా కాదు. పెసర్లు నానేసిన నీళ్ళలాగుంది."

నాకు కళ్ళు చెమర్చాయి. ఇందుకేగా ఇంత పాటు పడ్డాం అనుకున్నాను. వచ్చే నెల కాలమ్‌కి మొదటి వాక్యం కూడా తట్టింది. ఇంతలో ఆడవాళ్ళు అందరూ నా చుట్టూ చేరారు. వాళ్ళకీ గాలం వెయ్యడం నేర్పాలట. నా గుండె ఉప్పొంగింది. "తప్పకుండా! ముందుగా కింది చెయ్యి..." అని మొదలుపెట్టాను.

నరసమ్మ వదిన చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందుకి ఇసరడం మాకొద్దులే వొదినా, అది నీకూ రాదు. ఆ ఎనక్కి ఇసురుతావు సూడు, అది నేర్పు."

వచ్చే ఆదివారం నుంచి క్లాసులు. బేసిన్లు ఎవరివి వాళ్ళే తెచ్చుకుంటారు.